స్కోర్ సంగతి తర్వాత, ముందు రాసింది రాసినట్టు ఉందా?

పోయిన పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ నుంచి నా దోస్త్ ఫోన్ చేశాడు. వాడు పత్తి కొనుగోళ్ల దగ్గర లెక్కలు చూస్తాడు. కాంటా మీద తూకం పడగానే రైతు పేరు, క్వింటాళ్లు, కిలోలు ఫోన్‌లో ఒక చిన్న అకౌంట్స్ యాప్‌లో కొడతాడు. సాయంత్రం ఆ లిస్ట్ చూసే డబ్బులు లెక్కగడతారు.

"అన్నా, పొద్దుగాల నుంచి కొట్టిన ఎంట్రీల్లో పదకొండు కనిపిస్తలేవు. ఫోన్ పద్దెనిమిది శాతం దగ్గర ఠక్కున బందైంది. మళ్ల ఆన్ చేస్తే యాప్ ఏదో డేటాబేస్ ఖరాబైందని చెప్పి, పొద్దుగాలటి బ్యాకప్ తెరిచింది. రైతులు బయట నిలబడ్డరు. ఏం చెయ్యాలె?"

రైతుల చేతుల్లో కాగితం చిట్టీలు ఉన్నాయి కాబట్టి ఆ రోజు గట్టెక్కాడు. చిట్టీలు చూసి మళ్లీ కొట్టుకున్నాడు. ఒక్క చిట్టీ మాత్రం దొరకలేదు. ఆ రైతు చెప్పిన తూకమే నమ్మి రాశాడు. రైతు వాడిని నమ్మాడు, వాడు రైతును నమ్మాడు. ఆ మధ్యాహ్నం నమ్మకం పోగొట్టుకుంది ఫోన్ ఒక్కటే.

తర్వాత అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ పాత ఫోన్‌లో వాళ్ల తమ్ముడు ఒక కస్టమ్ కెర్నెల్ వేశాడు. అందులో ఎఫ్‌సింక్ ఆఫ్ అనే స్విచ్ ఉంది. అది ఆన్ చేస్తే స్టోరేజ్ బెంచ్‌మార్క్‌లో ర్యాండమ్ రైట్ నంబర్ ఎగిరి గంతేస్తుంది. తమ్ముడు స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాడు. "నేను పెట్టింది స్పీడ్ కోసమే కదన్నా" అన్నాడు.

వాడిని తిట్టే హక్కు నాకు లేదు. ఎందుకంటే స్టోరేజ్ అంటే నంబరే అని వాడికి నేర్పింది నాలాంటి రివ్యూయర్లే. సీక్వెన్షియల్ రీడ్ ఇంత, ర్యాండమ్ రైట్ అంత, పక్క ఫోన్ కంటే ఇంత ఎక్కువ అని బార్ చార్ట్ గీసి వదిలేస్తాం. "రాసింది రాసినట్టు మళ్లీ చదవగలుగుతున్నామా?" అనే ప్రశ్న కరీంనగర్ టవర్ సర్కిల్‌లో ఫోన్ కొనేవాళ్లు అడగరు, రివ్యూ రాసే మేమూ అడగం. అది ఎట్లాగూ ఉంటుందనే అనుకుంటాం. కానీ అది దానంతట అది ఉండదు. దాన్ని అట్లా ఉంచడానికి కెర్నెల్ డెవలపర్లు ఇరవై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. ఈ వ్యాసం ఆ కుస్తీ గురించి, దాన్ని మనం పట్టించుకోకపోవడం గురించి.

చిట్టీ, ఖాతా పుస్తకం, మధ్యలో గుమస్తా

మా దోస్త్ విషయంలో తప్పు ఎఫ్‌సింక్ ఆపడంలో ఉంది. ఎఫ్‌సింక్ అంటే "ఇప్పటిదాకా రాసింది స్టోరేజ్‌లోకి చేరిందని చెప్పేదాకా నేను ముందుకు కదలను" అని యాప్ కెర్నెల్‌ను అడగడం. స్విచ్ ఆఫ్ చేస్తే కెర్నెల్ ఏమీ రాయకుండానే "అయిపోయింది" అని అబద్ధం చెబుతుంది. ఇది మనం కావాలని తెచ్చుకున్న అబద్ధం.

కానీ ఏ స్విచ్చూ ముట్టుకోకపోయినా, కెర్నెల్ తనకు తెలియకుండానే అబద్ధం చెప్పే సందర్భాలు ఉన్నాయి. వాటినే రేస్ కండిషన్లు అంటారు. ఇద్దరు ఒకే పని మీద ఉంటారు, ఎవరు ముందు చేరుకుంటారో దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఫైల్ సిస్టమ్‌లో వీటిలో బాగా పాతది, బాగా మొండిది ఒకటుంది. డైరెక్ట్ రీడ్‌కూ పేజ్ రైట్‌బ్యాక్‌కూ మధ్య వచ్చే రేస్ అది.

పత్తి యార్డు లెక్కతోనే చెప్తాను. తూకం పడగానే ముందు చిట్టీ రాస్తారు. చిట్టీలన్నీ ఒక డబ్బాలో పడతాయి. గుమస్తా అప్పుడప్పుడు వచ్చి డబ్బాలోని చిట్టీలు తీసుకుని పెద్ద ఖాతా పుస్తకంలోకి ఎక్కిస్తాడు. లైనక్స్‌లో చిట్టీల డబ్బా పేరు పేజ్ కేష్, అది ర్యామ్‌లో ఉంటుంది. ఖాతా పుస్తకం మీ ఫోన్‌లోని యూఎఫ్‌ఎస్ చిప్. ఇంకా ఎక్కించని చిట్టీని డర్టీ పేజ్ అంటారు. ఒక్కో పేజ్ సాధారణంగా 4 కేబీ. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కేబీ పేజీలకూ సపోర్ట్ వచ్చింది. గుమస్తా చేసే ఎక్కింపు పనే రైట్‌బ్యాక్. లైనక్స్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రకారం గుమస్తా 5 సెకన్లకోసారి నిద్ర లేచి, 30 సెకన్లకు మించి పాతబడ్డ చిట్టీలు ఉన్నాయేమో చూస్తాడు.

మామూలు యాప్ ఫైల్ చదివితే ముందు డబ్బాలో చిట్టీ చూస్తుంది. అక్కడ లేకపోతేనే పుస్తకం తెరుస్తుంది. కాబట్టి గుమస్తా ఎక్కడున్నా దానికి ఇబ్బంది లేదు.

డైరెక్ట్ రీడ్ అట్లా కాదు. ఓ డైరెక్ట్ అనే ఫ్లాగ్ పెట్టి ఫైల్ తెరిచిన ప్రోగ్రామ్ డబ్బా వైపు చూడదు, నేరుగా పుస్తకమే తెరుస్తుంది. ఆడిట్‌కు వచ్చిన ఆఫీసర్ అనుకోండి. అందుకే కెర్నెల్‌లో ఒక నియమం ఉంది. ఆఫీసర్ పుస్తకం ముట్టుకునే ముందు, ఆ పేజీకి సంబంధించిన చిట్టీలేమైనా ఎక్కించకుండా ఉన్నాయా అని చూడాలి. ఉంటే ఎక్కించాలి, పూర్తయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాతే చదవాలి.

వినడానికి పక్కాగా ఉంది కదా? ఇప్పుడు ఇది చూడండి.

1. గుమస్తా డబ్బాలోంచి చిట్టీ తీశాడు. అంటే డర్టీ అనే గుర్తు చెరిగిపోయింది.

2. పుస్తకం దగ్గరికి పోయి "ఎక్కిస్తున్నాను" అని బోర్డు ఇంకా పెట్టలేదు. అంటే రైట్‌బ్యాక్ గుర్తు ఇంకా పడలేదు.

3. సరిగ్గా ఆ సందులో ఆఫీసర్ వచ్చాడు. డబ్బా చూశాడు, ఖాళీ. బోర్డు చూశాడు, లేదు. "అన్నీ ఎక్కేసినట్టున్నాయి" అనుకుని పుస్తకం తెరిచాడు.

4. అక్కడ పాత లెక్క ఉంది. లేదంటే ఇంకా ఘోరం, ఈ రైతు కోసం ఇప్పుడే కేటాయించిన పేజీలో నిరుడు వేరే రైతుది చెరిపేయకుండా వదిలేసిన లెక్క ఉంది.

చిట్టీ గుమస్తా చేతిలో ఉంది. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరి పని వాళ్లు పద్ధతిగానే చేశారు. అయినా ఆఫీసర్ చదివింది తప్పు. ఆ సందు మైక్రోసెకన్లలో ఉంటుంది. లక్ష సార్లు చేస్తే ఒక్కసారి కూడా దొరకకపోవచ్చు. కానీ ఫోన్ రోజుకు చేసే చదువు రాతలు లక్షల్లో ఉంటాయి.

నాలుగో మెట్టులో ఉన్నది డేటా పోవడం ఒక్కటే కాదు. డిలీట్ అయిన వేరే ఫైల్‌లోని ముక్క ఇంకో ప్రోగ్రామ్ చేతికి చిక్కుతుంది. అందుకే సెక్యూరిటీ వాళ్లు కూడా దీన్ని సీరియస్‌గా తీసుకుంటారు.

మరమ్మతు ఎట్లా చేస్తారు?

తాళం వేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. గుమస్తా ఉన్నప్పుడు ఆఫీసర్ రాకూడదు, ఆఫీసర్ ఉన్నప్పుడు గుమస్తా రాకూడదు, అంతే. కానీ అట్లా చేస్తే యార్డు మొత్తం క్యూలో నిలబడుతుంది. డైరెక్ట్ రీడ్ పుట్టిందే వేగం కోసం. దాని కాళ్లు కట్టేస్తే అది ఉండి ఏం లాభం?

అందుకే చిన్న చిన్న, తెలివైన మార్పులు చేశారు. మొదటిది చాలా ముచ్చటగా ఉంటుంది. గుమస్తా చిట్టీ తీసినా, డబ్బా మీద ఉన్న లిస్ట్‌లో ఆ పేరు కొట్టేయడు. పుస్తకం దగ్గర "ఎక్కిస్తున్నాను" బోర్డు పెట్టాకే లిస్ట్‌లో పేరు కొట్టేస్తాడు. దాంతో ఏ క్షణంలో వచ్చి చూసినా లిస్ట్‌లోనో బోర్డు మీదో ఒక గుర్తు ఉండి తీరుతుంది, రెండూ లేని సందు ఉండదు. లైనక్స్‌లో పేజీకి ఉన్న డర్టీ ఫ్లాగ్ వేరు, పేజీల సూచికలో ఉండే డర్టీ ట్యాగ్ వేరు. ఫ్లాగ్ ముందు పోతుంది. ట్యాగ్ మాత్రం రైట్‌బ్యాక్ గుర్తు పడేదాకా ఉంటుంది. కెర్నెల్ సోర్స్‌లో ఆ ఫంక్షన్ పైన ఉన్న కామెంట్ కూడా ఈ సంగతే వివరిస్తుంది.

రెండోది కొత్త పేజీల కోసం. కేటాయించిన పేజీ మీద "ఇంకా రాయలేదు" అని ముద్ర వేస్తారు. రాత పూర్తయ్యాకే ముద్ర తీస్తారు. ముద్ర ఉన్నంతసేపు ఎవరు చదివినా సున్నాలే కనిపిస్తాయి, నిరుటి లెక్క కనిపించదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 రెండిట్లోనూ ఈ ఏర్పాటు ఉంది.

మూడోది పేజీలు తీసేసేటప్పుడు. ఫైల్ కత్తిరించే ముందు, అప్పటికే దారిలో ఉన్న డైరెక్ట్ చదువు రాతలన్నీ ముగిసేదాకా ఆగడం. దీనికి తోడు పేజ్ కేష్‌ను ఖాళీ చేసేటప్పుడు వచ్చే రేస్‌ల కోసం 2021లో వచ్చిన లైనక్స్ 5.15లో ఇన్‌వ్యాలిడేట్ లాక్ అనే ప్రత్యేకమైన తాళం చేర్చారు.

ఈ పని నిన్నా మొన్నటిది కాదు. 2003 ఒట్టావా లైనక్స్ సింపోజియంలో, అప్పట్లో తయారవుతున్న 2.5 కెర్నెల్‌లో అసింక్రనస్ ఐఓ ఎట్లా ఉండాలో చెబుతూ ఒక పేపర్ వచ్చింది. రాసిన నలుగురు సుపర్ణా భట్టాచార్య, స్టీవెన్ ప్రాట్, బదరీ పులవర్తి, జానెట్ మోర్గన్. పేరు చూడగానే ఆగిపోయాను, నిజం చెప్తున్నా. మనం వాడే ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ కింద ఉన్న పునాదిలో మనకు పరిచయం ఉన్నట్టు వినిపించే పేర్లు ఉన్నాయి. మన రివ్యూల్లో మాత్రం ఆ పనికి ఒక్క లైన్ కూడా దక్కదు.

"ఇవన్నీ సర్వర్లకు అన్నా, ఫోన్‌కు ఏం సంబంధం?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. సంబంధం ఉంది, రోజురోజుకూ పెరుగుతోంది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో డేటా పార్టిషన్ చాలావరకు ఎఫ్2ఎఫ్‌ఎస్ మీద ఉంటుంది. శాంసంగ్ దీన్ని 2012లో ప్రకటించింది. 2013 ఫిబ్రవరిలో వచ్చిన లైనక్స్ 3.8లో చేరింది. మొదట్లోనే వాడిన ఫోన్లలో మోటో ఎక్స్ ఒకటి. గూగుల్ పిక్సెల్ 3 నుంచి దీనికి మారింది. ఫ్లాష్ మెమరీకి తగ్గట్టు ఇది పాత చోట మళ్లీ రాయదు, కొత్త చోట రాసి పాతదాన్ని వదిలేస్తుంది. వదిలేసిన చోట్లను ఊడ్చి సర్దే పని గార్బేజ్ కలెక్టర్‌ది. అంటే మన యార్డులో గుమస్తా, ఆఫీసర్ కాకుండా పుస్తకం పేజీలను అటూ ఇటూ మార్చే మూడో మనిషి కూడా ఉన్నాడన్నమాట. ఇద్దరి మధ్య తగువు తీర్చడమే కష్టమైతే ముగ్గురి మధ్య ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక డైరెక్ట్ ఐఓ. ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్ ముక్కలు అపెక్స్ ప్యాకేజీలుగా వస్తున్నాయి. వాటిని లూప్ డివైజ్‌ల ద్వారా మౌంట్ చేసేటప్పుడు డైరెక్ట్ ఐఓ వాడతారు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ల మీద మాత్రం ఓ డైరెక్ట్ అడిగినా కెర్నెల్ చాలాకాలం మామూలు దారిలోకే మళ్లించేది. స్టోరేజ్ కంట్రోలర్‌లోనే ఎన్‌క్రిప్షన్ జరిగే ఇన్‌లైన్ ఎన్‌క్రిప్షన్ వచ్చాక పరిస్థితి మారింది. దాని కెర్నెల్ పునాది 2020లో లైనక్స్ 5.8లో చేరింది, ఆ ప్యాచ్‌లు రాసింది గూగుల్ నుంచి సత్య తంగిరాల. 2022లో 5.18 వచ్చేసరికి ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ల మీద కూడా నిజమైన డైరెక్ట్ ఐఓ కుదిరింది. వేగం పెరిగింది, మంచిదే. కానీ ఆఫీసర్లు నడిచే దారి వెడల్పయింది కాబట్టి గుమస్తాతో గుద్దుకునే అవకాశమూ పెరిగింది.

ఊహించి చెప్పడం లేదు. సీవీఈ-2024-47726 చూడండి. అది ఎఫ్2ఎఫ్‌ఎస్‌లోదే. ఫైల్ నుంచి బ్లాక్‌లు తీసేసే ముందు, అప్పటికే దారిలో ఉన్న డైరెక్ట్ రైట్‌లు ముగిసేదాకా ఆగడం లేదు. అంటే ఒక రైతు పేజీ చింపి ఇంకో రైతుకిచ్చాక, పాత రైతు లెక్క రాయడానికి ముందే బయల్దేరిన పెన్ను వచ్చి కొత్త రైతు పేజీ మీద రాసి పోతుంది. మరమ్మతు ఏంటి? ఆగాలి. అంతే. ప్యాచ్ శీర్షిక కూడా డైరెక్ట్ ఐఓ పూర్తయ్యేదాకా ఆగేట్టు సరిచేయడం అనే అర్థంతోనే ఉంటుంది. అదే 2024లో, చదివేవాళ్లకూ కొత్త చోట రాసే డైరెక్ట్ రైట్‌కూ మధ్య రేస్‌ను కూడా ఎఫ్2ఎఫ్‌ఎస్‌లో సరిచేశారు. పదేళ్లకు పైగా ఫోన్లలో వాడుతున్న ఫైల్ సిస్టమ్ ఇది.

నా అభ్యంతరం ఇక్కడ

బగ్ ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. ఇంత సంక్లిష్టమైన కోడ్‌లో బగ్ లేకపోతేనే ఆశ్చర్యం. బగ్ దొరికాక మనం, ఫోన్ కంపెనీలు దాన్ని చూసే తీరు మీదే నా అభ్యంతరం.

మొదట మన సంగతి. "ఆగడం" అనే మరమ్మతుకు ఖర్చు ఉంటుంది. ఒక్కోసారి ర్యాండమ్ రీడ్ నంబర్ కొద్దిగా తగ్గుతుంది. అప్‌డేట్ తర్వాత బెంచ్‌మార్క్ పెడతాం, నంబర్ తగ్గుతుంది, "అప్‌డేట్‌తో ఫోన్ స్లో అయింది" అని హెడ్డింగ్ పెడతాం. నేనూ పెట్టాను, ఒకటి కాదు, మూడు సార్లు. తగ్గిన ఆ కాస్త వేగం దేనికోసం ఖర్చయిందో ఒక్కసారి కూడా వెతకలేదు. బ్రేకులు బిగిస్తే బండి మైలేజ్ తగ్గిందని మెకానిక్‌ను తిట్టినట్టు రాశాను. ఆ హెడ్డింగ్ చదివిన తమ్ముళ్లే అప్‌డేట్ ఆపేస్తారు, పాత కెర్నెల్‌కు వెనక్కి పోతారు, ఎఫ్‌సింక్ ఆఫ్ స్విచ్ వెతుక్కుంటారు.

ఇక కంపెనీల సంగతి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి పోయి ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే కెర్నెల్ వెర్షన్ కనిపిస్తుంది. 5.10 తర్వాతో, 5.15 తర్వాతో ఇంకో చుక్క, ఇంకో నంబర్ ఉంటుంది. ఆ చివరి నంబరే ముఖ్యం. లాంగ్ టర్మ్ కెర్నెల్‌లో మరమ్మతులు చేరిన కొద్దీ అది పెరుగుతుంది. పైన సెక్యూరిటీ ప్యాచ్ తేదీ తాజాగా ఉండి, కింద ఈ నంబర్ నెలల తరబడి కదలని ఫోన్ మీ చేతిలో ఉండొచ్చు. ఒకసారి రాసి పెట్టుకుని వచ్చే అప్‌డేట్ తర్వాత మళ్లీ చూడండి.

"అవసరమైన ప్యాచ్‌లు ఏరి వేస్తున్నాం" అనే జవాబు వినిపిస్తుంటుంది. ఏరి వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి 2023 డిసెంబర్ చాలు. ఈఎక్స్‌టీ4లో డైరెక్ట్ ఐఓకు సంబంధించిన ఒక మరమ్మతును 6.1 కెర్నెల్‌కు తెచ్చారు. కానీ అది ఆధారపడ్డ ఇంకో మార్పు అక్కడ లేదు. ఫలితంగా 6.1.64 కెర్నెల్‌లో ఫైళ్లు పాడయ్యే పరిస్థితి వచ్చింది. డెబియన్ వాళ్లు 12.3 విడుదలను మధ్యలో ఆపేసి, ఆ వెంటనే 12.4 ఇచ్చారు. అనుభవం ఉన్నవాళ్లు, అందరూ చూస్తుండగా చేస్తేనే ఇట్లా అయింది. మరి ఎవరూ చూడని చోట, ఒక కంపెనీ ఏదో ఒక మూల కూర్చుని నాలుగు ప్యాచ్‌లు ఏరుకుంటే? అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫోన్ కంపెనీలు లాంగ్ టర్మ్ కెర్నెల్‌ను మొత్తంగా తీసుకోవాలి, ఏరుకోకూడదు. ఆండ్రాయిడ్ 12, 5.10 కెర్నెల్ నుంచి గూగుల్ తెచ్చిన జీకేఐ ఏర్పాటులో అందరికీ ఒకే మూల కెర్నెల్ ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఆ పని మునుపటికన్నా తేలిక.

ఎదుటివాళ్ల మాట కూడా వినాలి

"ఇంత అరుదైన బగ్ కోసం ఇంత గోలా?" అంటే, ఒప్పుకుంటాను. మీ ఫోటో పాడైతే కారణం ఈ రేసే అని నేను చెప్పను. నకిలీ మెమరీ కార్డు, అరిగిన బ్యాటరీ, మధ్యలో ఆగిన కాపీ, మనం తెచ్చుకున్న ఎఫ్‌సింక్ ఆఫ్, వీటికే ఎక్కువ అవకాశం. మా దోస్త్‌ది కూడా రేస్ కాదు. కానీ అరుదైనది కాబట్టి వదిలేయొచ్చు అనే వాదనకు చరిత్ర ఒప్పుకోదు. డర్టీ కౌ అనే పేరుతో 2016లో బయటపడ్డ రేస్ కండిషన్ 2007 నుంచీ కెర్నెల్‌లో ఉంది. తొమ్మిదేళ్లు అది ఎవరికీ కనపడనంత అరుదు. ఎట్లా గెలవాలో తెలిశాక మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్లను రూట్ చేయడానికి కూడా వాడారు.

ఇంకోటి, 2022లో వచ్చిన డర్టీ పైప్. అది రేస్ కాదు, కానీ పేజ్ కేష్‌లోనిదే. పిక్సెల్ 6, గెలాక్సీ ఎస్22 లాంటి ఫోన్లకు తగిలింది. దాన్ని పట్టుకున్న మాక్స్ కెల్లర్‌మాన్ సెక్యూరిటీ బగ్ వెతుకుతూ మొదలుపెట్టలేదు. డౌన్‌లోడ్ చేసిన లాగ్ ఫైల్ విప్పడం లేదని ఒక కస్టమర్ ఫిర్యాదు చేస్తే మొదలుపెట్టాడు. "ఏదో ఫైల్ పాడైందిలే" అని వదిలేయలేదు. నెలల తరబడి ఆ పాడైన ఫైళ్ల వెంట పడ్డాడు. పాడైన ఫైల్‌ను సీరియస్‌గా తీసుకోవడం అంటే అది.

"బ్యాకప్ ఉంటే చాలు కదా" అనే మాట కూడా వింటుంటాను. బ్యాకప్ ఉండాల్సిందే. కానీ బ్యాకప్ యాప్ కూడా అదే పుస్తకం చదివి కాపీ చేస్తుంది. అది చదివేటప్పుడే తప్పు చదివితే తప్పుకే జాగ్రత్తగా బ్యాకప్ తీసినట్టు. పైగా ఆదిలాబాద్ లోపలి ఊళ్లలో సిగ్నల్ కోసం మిద్దె ఎక్కేవాళ్లకు "క్లౌడ్‌లో ఉంటది కదా" అని చెప్పడం కరీంనగర్‌లో కూర్చుని నాకు తేలికే.

ఇక నుంచి ఏం చేస్తాను

మాటలు చెప్పి వదిలేయడం ఇష్టం లేదు. నా రివ్యూల్లో మూడు మార్పులు చేస్తున్నాను.

ఒకటి, స్టోరేజ్ స్కోర్ పక్కనే పూర్తి కెర్నెల్ వెర్షన్ రాస్తాను. ఆరు నెలల తర్వాత అదే ఫోన్ మళ్లీ తీసి ఆ నంబర్ కదిలిందో లేదో చెప్తాను. కదలకపోతే అది మైనస్ పాయింట్, హీటింగ్, కెమెరా ఎట్లాగో అట్లాగే.

రెండు, రాసి చదివి సరిచూసే పరీక్ష పెడతాను. ఫైళ్లు రాస్తూ, అవే ఫైళ్లను మామూలు దారిలోనూ డైరెక్ట్ దారిలోనూ చదువుతూ, చెక్‌సమ్ కలుస్తుందో లేదో చూస్తాను. మధ్యలో పవర్ బటన్ నొక్కిపట్టి ఫోన్‌ను బలవంతంగా రీస్టార్ట్ చేసి మళ్లీ చూస్తాను. ఈ పరీక్ష పాసైతే ఫోన్‌లో రేస్ లేదని అర్థం కాదు. ఆ సందు నా పరీక్షకు దొరికేంత పెద్దది కాకపోవచ్చు. కెర్నెల్ వాళ్లే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ లాంటి పెద్ద పరీక్షల గుత్తి, 5.8లో వచ్చిన కేసీశాన్ లాంటి రేస్ పట్టే పనిముట్లు పెట్టుకుని కూడా ఇంకా కొత్తవి పట్టుకుంటూనే ఉన్నారు. కానీ ఫెయిలైతే మాత్రం ఆ ఫోన్ కొనమని చెప్పను, స్కోర్ ఎంత ఉన్నా సరే.

మూడు, అప్‌డేట్ తర్వాత నంబర్ తగ్గితే ముందు చేంజ్‌లాగ్, కెర్నెల్ నంబర్ చూస్తాను. హెడ్డింగ్ ఆ తర్వాతే.

మీ నుంచి కోరేది ఒక్కటే. కస్టమ్ కెర్నెల్ వేసుకోండి, నేనేం వద్దనను, నేర్చుకునేది అట్లాగే. మీ సొంత ప్రయోగాల ఫోన్‌లో ఏ స్విచ్ అయినా తిప్పండి. కానీ అమ్మ ఫోన్, అన్న ఫోన్, ఎవరి లెక్కలో ఉన్న ఫోన్‌లో ఎఫ్‌సింక్ ముట్టుకోవద్దు. ఓ డైరెక్ట్‌తో యాప్ రాసేవాళ్లుంటే, ఒకే ఫైల్‌ను డైరెక్ట్‌గానూ మామూలుగానూ కలిపి వాడొద్దని లైనక్స్ మాన్యువల్ పేజీ చేసిన హెచ్చరిక ఒకసారి చదవండి.

మా దోస్త్ ఫోన్‌లో స్టాక్ కెర్నెల్ మళ్లీ వేయించాం, బ్యాటరీ మార్పించాం. మొన్న కలిసినప్పుడు చూస్తే వాడి జేబులో ఫోన్ పక్కన ఒక చిన్న నోట్‌బుక్ కూడా ఉంది. తూకం పడగానే ముందు అందులో రాసి, తర్వాత ఫోన్‌లో కొడుతున్నాడు. "ఫోన్ మంచిగనే ఉన్నది కదరా, ఇంకా ఇదెందుకు?" అన్నాను.

"ఉన్నది అన్నా. కానీ రైతు ముంగట ఇంకోసారి నిలబడుడు నాతోని కాదు" అన్నాడు.

ఆ నోట్‌బుక్ వాడి జేబులోంచి పోయే రోజు రావాలి. దానికి ఏ బెంచ్‌మార్క్ స్కోరూ సరిపోదు.